ఎడమచేతి డాలు

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం కల్లూరులోని ఒక రేకుల షెడ్డుకు వెళ్ళాను. మిగిలిన రోజుల్లో అక్కడ తలుపులకూ కిటికీలకూ ఇనుప చట్రాలు అతుకుతారు. ఆదివారం మాత్రం యంత్రాలన్నింటినీ ఒక గోడవైపుకు జరిపి, కొందరు యువతీయువకులు ఐరోపా ఖండంలో ఏనాడో అంతరించిపోయిన కత్తీ డాలూ యుద్ధవిద్యను సాధన చేస్తారు. లోపల అడుగు పెట్టగానే యంత్రాల నూనె, చెమట, కొత్త తోలు కలిసిన వాసన తగిలింది. వాళ్ళ ముఖాలకు ఇనుప జాలీ ముసుగులు, ఒంటికి దూది కుట్టిన మందపు కోట్లు, చేతులకు తొడుగులు ఉన్నాయి. వాళ్ళ మధ్య ప్లాస్టిక్ కుర్చీలో, మెడలో ఈలతో, మా వాసంతి మేడం కూర్చుని ఉన్నారు. ఉద్యోగ విరమణ తరువాత ఆమెకు ఇదే ఉద్యోగం. ఒక అమ్మాయి నన్ను చూసి, మేడం పాత విద్యార్థిని అని తెలుసుకుని, తన డాలును ఎంతో ఉత్సాహంగా నాకు అందించింది. ఎడమచేతితో అందించింది. నేను కుడిచేయి చాచి పుచ్చుకున్నాను. మేడం అది గమనించి, ఈల పక్కకు తీసి, కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. ఆ అమ్మాయికి అందులో నవ్వవలసింది ఏముందో అర్థం కాలేదు. ఆమెకు చెప్పాలంటే ఎంతో వెనక్కి వెళ్ళాలి. ఆ రోజు వీలు కాలేదు కనుక ఇక్కడ చెబుతున్నాను.

మా ఊరు ఆలూరుకు పడమరగా, కన్నడ మాటలు సగం కలిసిన తెలుగు మాట్లాడే మెట్ట పల్లెల్లో ఒకటి. మాది తరతరాలుగా చర్చికి వెళ్ళే కుటుంబం. కొద్దిపాటి చేను ఉండేది. అది చాలక మా నాయన ఇతరుల చేలల్లో కూలికి పోయేవాడు. ఆదివారం మాత్రం తెల్లచొక్కా తొడుక్కుని చర్చి గంట కొట్టేవాడు. సంఘంలో ఆయన పెద్ద. మా ఇంట్లో తెల్లవారడమంటే మా జేజి, అంటే మా నాయన తల్లి, జొన్నరొట్టె తట్టే చప్పుడు. మేము బుడ్డలనే వేరుశనక్కాయల పొట్టు పొయ్యిలో వేస్తే వచ్చే పొగ ఒక రకమైన తీపి వాసన వేస్తుంది. ఆ పొగలో దగ్గుతూనే జేజి ప్రార్థన చేసేది, ప్రార్థన మధ్యలోనే మేకను అదిలించేది, ఆమేన్ అన్న నోటితోనే నన్ను లేవమని తిట్టేది. ఆమె ఇంట్లో పెట్టిన చట్టాలు చాలా ఉండేవి గాని, వాటన్నింటిలో పెద్దది ఎడమచేతికి సంబంధించింది. ఎవరికైనా ఏదైనా ఇవ్వాలన్నా, ఎవరి దగ్గరైనా ఏదైనా పుచ్చుకోవాలన్నా కుడిచెయ్యే ముందుకు రావాలి. రొట్టె తట్టేదానికి రెండు చేతులూ కావాలి గాని పెట్టేదానికి ఒకటే చెయ్యి అని ఆమె అనేది. నేను మరిచిపోయి ఎడమచేయి చాస్తే, ఆ చేతిమీద అట్లకాడతో మెల్లగా ఒకటి వేసేది. మెల్లగానే, కాని అట్లకాడ వేడిగా ఉండేది.

నాయనకు ఈ విషయంలో ఉన్న పట్టుదల జేజికంటే ఎక్కువ. ఆయన చిన్నతనంలో పెద్ద రైతుల వాకిళ్ళ ముందు నిలబడి కూలి గింజలను కుడిచేతి మీద పరిచిన తువ్వాలులో పోయించుకున్న మనిషి. ఎడమచేయి ముందుకు వచ్చినట్టు కనబడితే గింజలు మళ్ళీ గంపలోకే పోయేవట. కాబట్టి ఆ చేతిని వీపు వెనుక ఉంచుకోవడం ఆయనకు మర్యాద మాత్రమే కాదు, ఆ పూట భోజనం. ఈ సంగతిని ఆయన ఎప్పుడూ నాతో చెప్పలేదు. జేజి చెప్పింది. ఆయన మాత్రం, మా వంశంలో మొదటిసారిగా కాలేజీకి పోతున్న నన్ను బస్సెక్కించేటప్పుడు, బాగా చదువుకో అనలేదు. పెద్దల ముందర చేతులు జాగ్రత్త అన్నాడు.

కర్నూలులో నేను చేరిన కాలేజీలో వాసంతి మేడం చరిత్ర చెప్పేవారు. పాతబస్తీలో పాత్రల అంగడి నడిపే శెట్టిగారి ఏకైక కూతురు ఆమె. అంగడి లెక్కలు చూసుకోమంటే చరిత్ర చదివి తండ్రిని నిరాశపరిచిన మనిషి. చరిత్ర తలకు మాత్రమే తెలిస్తే చాలదు, చేతులకు కూడా తెలియాలి అన్నది ఆమె సిద్ధాంతం. ఇంటర్నెట్ సెంటర్లు అప్పుడప్పుడే వెలుస్తున్న రోజులవి. ఒకనాడు ఆమె ఒక సెంటరులో కూర్చుని, ఏడు వందల ఏళ్ళ నాటి ఒక జర్మన్ చేతిరాత గ్రంథంలోని బొమ్మలను అచ్చు వేయించుకుని వచ్చారు. గుండు కొట్టించుకుని నడినెత్తి చుట్టూ వెంట్రుకలు మిగుల్చుకున్న ఒక పాదిరి, పాదాలదాకా వేలాడే అంగీతో, కుడిచేతిలో కత్తీ ఎడమచేతిలో పళ్ళెమంత డాలూ పట్టుకుని శిష్యుడికి యుద్ధం నేర్పుతున్న బొమ్మలు. హాస్టలు అమ్మాయిలందరూ విరగబడి నవ్వారు. నేను మాత్రం మా ఊరి పాస్టరు అయ్యగారిని అలా ఊహించుకుని భయపడ్డాను.

తుపాకులు వచ్చాక ఆ విద్య చచ్చిపోయిందని, నేర్పే గురువు ప్రపంచంలో ఎక్కడా మిగల్లేదని, ఐరోపాలో కొందరు ఈ బొమ్మలను చూసి దానికి మళ్ళీ ప్రాణం పోయాలని ప్రయత్నిస్తున్నారని మేడం మాకు వివరించారు. వాళ్ళకూ గురువు లేడు, మనకూ లేడు, ఇద్దరికీ ఉన్నది ఈ బొమ్మలే కనుక ఈ ఒక్క చదువులో మనం వాళ్ళకంటే వెనకబడి లేము అన్నారు. ఆ మాట నా మీద ఎంత పని చేసిందో ఇప్పుడు చెప్పడం కష్టం. ప్రతి తరగతిలోనూ మిగిలినవారికి ముందే తెలిసిన విషయాలను నేను కొత్తగా వింటూ ఉండేదాన్ని. అందరూ ఒకే గీత మీద నిలబడి మొదలుపెట్టే చదువు ఒకటి ఉందని వినడం అదే మొదటిసారి. నేనూ, మరి కొందరు అమ్మాయిలూ చేరాము.

కత్తులంటే చీల్చిన వెదురు బద్దలు, వాటిమీద చుట్టిన సైకిలు ట్యూబు. డాళ్ళు శెట్టిగారి అంగడి నుంచి వచ్చాయి. పెళ్ళివంటలకు వాడే చిన్న డేక్సాల మూతలే మా డాళ్ళు. అయితే మూతకు పిడి పైవైపున ఉంటుంది. ఆ పిడి పట్టుకుంటే మూత బోర్లా తిరిగి, ఎదుటివారికి దాని గుంట కనబడుతుంది, దెబ్బ జారకుండా నేరుగా అందులోకి వచ్చి కూర్చుంటుంది. అందుకని పిడులను ఊడదీయించి లోపలివైపుకు బిగించాము. అలా చేసిన మూతలు మళ్ళీ డేక్సాల మీదికి పనికిరావు. శెట్టిగారు ఒక్కొక్క మూతనూ చూసి, పెళ్ళి ఆగిపోయిన ఇంటిని చూసినట్టు చూసేవారు.

సాయంత్రాలు గ్రంథాలయం వెనుక గరుకు నేల మీద సాధన చేసేవాళ్ళం. బొమ్మల్లో ఉన్నట్టే నిలబడేవాళ్ళం, బొమ్మల్లో ఉన్నట్టే అడుగు వేసేవాళ్ళం, అయినా ప్రతి ఒక్కరికీ కుడిచేతి వేళ్ళ మీదే దెబ్బలు పడేవి. బొమ్మల్లో పాదిరి తన చిన్న డాలును చేయంతా చాచి, ఎదుటివాడి ముఖం మీదికి పెట్టి, దాని చాటున కత్తి పట్టిన చేతిని కాపాడుకుంటాడు. మేము డాలును నడుము దగ్గరే, మరీ చెప్పాలంటే కొంచెం వెనుకే పట్టుకునేవాళ్ళం. మేడం కూడా అంతే. మాలో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. తప్పు బొమ్మ గీసినవాడిది అనుకున్నాము. ఆ కాలపు చిత్రకారులకు కొలతలు తెలియవు కనుక ఎడమచేతిని ఉన్నదానికంటే పొడవుగా గీశాడని మేడం తీర్మానించారు. నేను దానిని చక్కని దస్తూరీతో రాసుకున్నాను కూడా. అంతమంది చదువుకున్నవాళ్ళం కలిసి, ఏడు వందల ఏళ్ళ నాటి మనిషి చేతిని మా ఇష్టం వచ్చినట్టు కురచ చేశాము.

మా కళ్ళు తెరిపించినవి నా వాచిన వేళ్ళు. ఒక శనివారం, కుడిచేతికి పసుపు పట్టువేసి గుడ్డ చుట్టుకుని, సొట్టపడిన మూతను మార్చుకోవడానికి మేడంతో అంగడికి వెళ్ళాను. వేళ్ళు ముడవరాక, మూతను ఎడమచేతితో శెట్టిగారి ముందుకు చాచాను. ఆయన చేతులు కట్టుకున్నారు.

“ఆ చేత్తో ఇస్తే తీసుకోనమ్మా. లక్ష్మి తిరిగే చోటు ఇది.”

నేను సిగ్గుతో ఏం చేయాలో తెలియక అలాగే నిలబడిపోయాను. మూత ఆయన ముఖానికి ఎదురుగా గాలిలో ఉంది. పక్కన నిలబడిన మేడం నావైపు చూస్తూ ఒక్కసారిగా, “రూతూ, కదలొద్దు. అట్లనే ఉండు,” అన్నారు. తరువాత తండ్రివైపు తిరిగి, “నాన్నా, నువ్వు తీసుకోవద్దు,” అన్నారు.

“నేనేడ తీసుకుంటాండా?” అన్నారు శెట్టిగారు.

ఆమె నా చుట్టూ తిరిగి చూశారు. చాచిన ఎడమచేయి, దాని చివర మూత, మూత చాటున గుడ్డ చుట్టిన కుడిచేయి. అచ్చం పాదిరి బొమ్మ. చిత్రకారుడి కొలతలు సరిగ్గానే ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి వెనక్కి లాగి లాగి కురచ చేసినవి మా చేతులే. నేను అలా నిలబడి ఉండగానే మేడం ఒక గరిటె తీసుకుని నా కుడిచేతిని కొట్టడానికి అన్ని వైపుల నుంచీ ప్రయత్నించారు. గరిటె ప్రతిసారీ మూతకే తగిలింది. ఆ మోతకు వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. శెట్టిగారు గల్లాపెట్టె ముందు కూర్చుని, సరస్వతీ లక్ష్మీ ఒకే ఇంట్లో ఉండరని పెద్దలు ఊరికే అనలేదని గొణుక్కున్నారు.

మరునాటి నుంచి మేడం మాకు కొత్త నియమం పెట్టారు. సాధన చేసేవాళ్ళమంతా ఒకరికొకరం ఏది ఇచ్చుకున్నా ఎడమచేతితోనే ఇచ్చుకోవాలి. సుద్దముక్కలు, పుస్తకాలు, మజ్జిగ గ్లాసులు అన్నీ. మొదట్లో ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయేవాళ్ళం. మేడంకు ఎడమచేతితో హాజరుపట్టీ అందించిన రోజున నాకు జేజి అట్లకాడ గుర్తుకు వచ్చి చెయ్యి చురుక్కుమంది. కాని కొన్ని వారాలు గడిచేసరికి ఆ చేతికి బెరుకు పోయింది. దెబ్బలు తగ్గాయి. వేళ్ళు మళ్ళీ కలం పట్టుకోగలిగాయి.

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ బెరుకును మళ్ళీ వెంట తీసుకుపోవాలని నాకు తోచలేదు. నాయన చేను నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాను. ఆయన చెంబు వైపు చూశాడు, నా చేయి వైపు చూశాడు, లేచి కుండ దగ్గరకు పోయి తనే ముంచుకుని తాగాడు. రొట్టె తిన్న తరువాత, “ఇదేనా పాపా, కర్నూల్లో నేర్పిస్తాండేది?” అన్నాడు. నేను ఉన్నదంతా చెప్పాను. కత్తి, డాలు, పాదిరి, మేడం. చెప్పినకొద్దీ సంగతి చెడింది. కత్తి పట్టేదానికి కాలేజీ యాల, కొడవలి ఈడ ల్యాదా అని జేజి పొయ్యి దగ్గర నుంచి అడిగింది. నాయన మాత్రం, బుడ్డలు పెరికేదానికి మనిషి కావాల, పోయేది తర్వాత చూద్దాం అన్నాడు. ఆ తర్వాత అనే మాటకు మా ఇంట్లో అర్థం ఏమిటో నాకు తెలుసు. పోయిన ఏడు కొనవలసిన మేకపిల్ల, వేయవలసిన ఇంటి కప్పు, అన్నీ ఆ తర్వాతలోనే ఉండేవి.

సెలవులు అయిపోయాయి. మిగిలిన అమ్మాయిలు హాస్టలుకు చేరారు. నేను చేనులో బుడ్డలు పెరుకుతున్నాను. డిగ్రీకి చివరి సంవత్సరం అది. చెట్టు పెరికి మట్టి దులిపినప్పుడల్లా నా చదువు కూడా అలాగే దులిపేశారని అనిపించేది. రెండో వారంలో, ఆలూరు సంతకు పోయే పాత్రల వ్యాను ఒకటి మా వీధిలో వచ్చి ఆగింది. ముందు సీట్లో శెట్టిగారు, ఆయన పక్కన వాసంతి మేడం.

శెట్టిగారికీ మా జేజికీ దిగీ దిగకముందే స్నేహం కుదిరింది. ఆమె వ్యాను దగ్గరకు పోయి ఒక్కొక్క గిన్నెనూ గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినడం మొదలుపెట్టింది. “ఏమప్పా శెట్టీ, ఇది దగ్గుతాండాదే,” అని ఒకదానిని పక్కన పెట్టింది. శెట్టిగారు ఆ గిన్నెను తాను కూడా కొట్టి విని, నిజమేనవ్వా అని ఒప్పుకున్నారు. ఇటు అరుగు మీద మేడం మా నాయన ఎదుట కూర్చుని, ఆయనను మీరు అని సంబోధిస్తూ, అచ్చు వేసిన బొమ్మలను పరిచారు. సంఘం బయటివాళ్ళు తనను మీరు అనడం నాయనకు అలవాటు లేదు. ఆయన ఇంకొకరు ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి వెనక్కి చూసుకున్నాడు.

“ఈయప్ప అయ్యగారా?” అని అడిగాడు పాదిరిని చూసి.

“అవునండీ. ఆ దేశపు అయ్యగారు.”

“అయ్యగారు కత్తి పట్టొచ్చునా?”

“పట్టుకున్నారు కాబట్టే గీసినారండీ.”

నాయన ఆ బొమ్మను దగ్గరకు తీసుకుని చూశాడు. “ఎడమచెయ్యి ఎదుటోని మొగం మీదికి పెట్టినాడే,” అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే ఎక్కువగా, తన సంఘంలోని ఎవరో తప్పు చేసినట్టు తెలిసిన బాధ ఉంది. మేడం వాదించలేదు. వ్యానులో నుంచి వెదురు బద్దలూ మూతలూ తెప్పించి, ఒక బద్దను ఆయన చేతికిచ్చి, మీ అమ్మాయిని మీరే పరీక్షించండి అన్నారు.

నేను వాకిట్లో మూత పట్టుకుని నిలబడ్డాను. నాయన మెల్లగా బద్ద విసిరాడు. నా ఎడమచేయి కదలలేదు. వారాలుగా అలవాటైన చేయి, తండ్రి ముఖం ఎదురుగా కనబడగానే నడుము దగ్గర ముడుచుకుపోయింది. దెబ్బ వేళ్ళ మీద పడింది. ఆయన ముఖం పాలిపోయింది. ఇంకొకసారి ఇంకా మెల్లగా కొట్టాడు. మళ్ళీ వేళ్ళ మీదే పడింది.

“చెయ్యి ముందరికి పెట్టుమ్మే, ఆ బొమ్మలో మాదిరి,” అన్నాడు, అరిచినట్టుగా.

“నీ మీదికి ఎట్ల చాపేది నాయనా?”

ఆయన బద్ద దించేశాడు. వ్యాను దగ్గర గిన్నెల చప్పుడు ఆగింది. జేజి ఒక మూకుడును చంకలో పెట్టుకుని మా మధ్యకు వచ్చింది.

“ఇచ్చేదానికీ పుచ్చుకునేదానికీ కుడిచెయ్యి అని చెప్పినేది నేను,” అంది. “దెబ్బ ఆపేదానికి చెప్పినానా? నువ్వేమన్నా దానికి ఇస్తాండావా, అదేమన్నా నీకిస్తాండాదా? కొట్టొచ్చినోన్ని ఏ చేత్తో ఆపితే ఏమిరా?” తరువాత నావైపు తిరిగి, “పెట్టుమ్మే చెయ్యి. వేళ్ళు ఇరిగినాక రొట్టె ఎట్ల తడతావు?” అంది.

చట్టం పెట్టినది ఆమె కనుక దాని హద్దు చెప్పే అధికారం కూడా ఆమెదే. నాయన బద్ద ఎత్తాడు. ఈసారి మెల్లగా కొట్టలేదు. నేను ఎడమచేయంతా చాచి మూతను ఆయన ముఖం మీదికి పెట్టాను. బద్ద దాని మీద పడి గుడి గంటలా మోగింది. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. వ్యాను కింద పడుకున్న కుక్క లేచి వీధి చివరిదాకా పరుగెత్తింది. మూత అంచు మీదుగా నాయన ముఖం కనబడింది. ఆయన నవ్వుతున్నాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ మోగింది. ఇటు కొట్టాడు, అటు కొట్టాడు, చివరికి పంచె ఎగగట్టుకుని మరీ కొట్టాడు. వీధిలో జనం చేరారు. శెట్టిగారు ప్రతి దెబ్బకూ తన సరుకు గట్టిదనాన్ని ఊరికి వినిపిస్తూ, ఆ మూత తన అంగడిదేనని చెప్పుకున్నారు. సంగటి సల్లగైతాంది, సాలు అని జేజి అంటే గాని ఆట ఆగలేదు.

ఇప్పటి పిల్లలకు ఐరోపా వాళ్ళ సాధనల వీడియోలు అరచేతిలో ఉన్నాయి. మాకు నెలలు పట్టిన తప్పును వాళ్ళు ఒక్క పూటలో దిద్దుకుంటారు. మా రోజులే మేలని నేను అనను. చేతి తొడుగులు ఉంటే మా వేళ్ళు ఎంతో సంతోషించేవి. వాళ్ళ ఎడమచేతికి ఏ అట్లకాడా తెలియదు, అది పుట్టుకతోనే పొడవైన చేయి. అందుకు నాకు ఆనందమే. కాని దానిని చాచడం ఒక సంగతి అని వాళ్ళకు ఎన్నటికీ తెలియదు. ఆ వాకిట్లో ఒక చేయి పొడవు ముందుకు జరగడానికి నాకు పట్టినంత బలం, తరువాత చదువులోగాని, కడపలో పాఠం చెప్పడానికి మొదటిసారి తరగతిలోకి అడుగు పెట్టినప్పుడుగాని పట్టలేదు. నాయన ఇప్పుడు నాతోనే ఉంటాడు. టీవీలో ఎవరైనా కత్తి పట్టుకుంటే, డాలు లేకుండా ఎట్ల బతుకుతాడు వీడు అని విసుక్కుంటాడు.

వాకిట్లో మూత మోగిన ఆ రోజు ఆయన పొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. మేడం, శెట్టిగారు సంతకు వెళ్ళిపోయారు. మరునాడు పొద్దున నేను చేనుకు పోవడానికి కొంగు బిగించేసరికి, నాయన తెల్లచొక్కా తొడుక్కుని, నా పెట్టెను భుజాన పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. బస్సు ఆగే చోటిదాకా నడిచాము. అక్కడ పెట్టె దించి, రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

“ఆ అయ్యగారు కడాకు గెలుస్తాడా?”

“కడాకు ఆయప్ప ముందర శిష్యుడు ఉండడు నాయనా. ఒక ఆడమనిషి కత్తీ డాలూ పట్టుకుని నిలబడ్తాది.”

ఆయన నావైపు తిరిగాడు. “ఎవురు గెలుస్తారు?”

“అది గీయల్యా. ఆడికే అయిపోతాది.”

దూరంగా బస్సు దుమ్ము లేపుతూ వస్తూ ఉంది. నాయన పెట్టె ఎత్తుకుని దానికి ఎదురు నడిచాడు.

“గీయకపోతే ఏమి,” అన్నాడు. “నువ్వు పోయి నేర్చుకో. తెలుస్తాది.”